గుంత పూడ్చకముందే అడుగుదాం: సెయింట్ లూయిస్ తెలుగువాళ్లకు బహిరంగ లేఖ

సెయింట్ లూయిస్ ప్రాంత తెలుగు సంఘాల కార్యవర్గాలకు, ఇక్కడ ఇల్లు కొన్నవాళ్లకు, కొనబోతున్నవాళ్లకు,

నమస్కారం.

మన వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లకోసారి ఒక ప్రశ్న వస్తుంది. "బ్రిడ్జ్‌టన్ దగ్గర ఇల్లు చూశాం, ఆ రేడియేషన్ గొడవ నిజమేనా?" అని. ఒకరు "అటువైపు పోకండి బాబూ" అంటారు. ఇంకొకరు "ఇన్నేళ్లుగా ఉంటున్నాం, మాకేం కాలేదు, స్కూల్ రేటింగ్ చూసుకోండి చాలు" అంటారు. ఈలోపు ఎవరో వెట్ గ్రైండర్ అమ్ముతున్నామని ఫొటో పెడతారు. మాట అక్కడితో అయిపోతుంది.

భయపడమని కానీ, భయం లేదని కానీ చెప్పడానికి ఈ లేఖ రాయడం లేదు. నేను అణుశాస్త్రం చదివినవాణ్ణి కాదు. మీలో చాలామందిలాగే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను. నా గోలంతా ఒక్క ప్రశ్న గురించే. బ్రిడ్జ్‌టన్‌లోని వెస్ట్ లేక్ చెత్త డంపులో ఉన్న రేడియోధార్మిక మట్టిని తవ్వి తీశాక, "అయిపోయింది, శుభ్రమైంది" అని ఎవరు చెబుతారు, ఏం కొలిచి చెబుతారు? ఆ ప్రశ్న వేయాల్సింది తవ్వకం పూర్తయ్యాక కాదు. తనిఖీ ప్రణాళిక కాగితం మీద ఉండగానే వేయాలి.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. 1942లో అమెరికా ప్రభుత్వం అణుబాంబు పథకం కోసం యురేనియం శుద్ధి చేసే పనిని మన డౌన్‌టౌన్‌లోని మాలిన్‌క్రాట్ రసాయన కర్మాగారానికి అప్పగించింది. ఆ ఏడాది డిసెంబరు 2న షికాగోలో మొట్టమొదటి అణు రియాక్టర్ నడిచిందంటే, అందులో ఇక్కడ శుద్ధి చేసిన యురేనియం ఉంది. ఖనిజంలో చాలా భాగం బెల్జియన్ కాంగోలోని షింకొలోబ్వే గని నుంచి వచ్చింది. అంత గాఢమైన యురేనియం ఖనిజం ప్రపంచంలో చాలా అరుదు. ఖనిజం ఎంత గాఢమో, మిగిలిన వ్యర్థం కూడా అంత ఘాటు. 1946 నుంచి ఆ వ్యర్థాన్ని లాంబర్ట్ ఎయిర్‌పోర్టు ఉత్తరం అంచున ఆరుబయట గుట్టలుగా పోశారు. ఊరి నుంచి అమ్మానాన్నల్ని తెచ్చుకోవడానికి మనం వెళ్లే ఎయిర్‌పోర్టు అదే. వాన పడితే గుట్టల మీది మట్టి పక్కనే ఉన్న కోల్డ్‌వాటర్ క్రీక్‌లోకి కొట్టుకుపోయేది. ఆ వాగు హేజల్‌వుడ్, ఫ్లారిసంట్ ఇళ్ల వెనకగా పారి మిసోరి నదిలో కలుస్తుంది.

1966లో గుట్టల్ని హేజల్‌వుడ్‌లోని లాటీ అవెన్యూకి మార్చారు. తర్వాత కాటర్ అనే కంపెనీ వాటిని కొని, పనికొచ్చేదంతా ఎండబెట్టి కొలరాడోకి పంపింది. చివరికి ఎవరికీ అక్కర్లేని 8,700 టన్నుల బేరియం సల్ఫేట్ మడ్డి మిగిలింది. 1973లో దాన్ని సుమారు 39 వేల టన్నుల మామూలు మట్టిలో కలిపి, లారీల్లో బ్రిడ్జ్‌టన్ తీసుకెళ్లి, వెస్ట్ లేక్ చెత్త డంపులో చెత్త మీద కప్పే మట్టిగా వాడేశారు.

ఈ కథలో నన్ను పట్టుకున్నది తర్వాతి ఘట్టం. అణు నియంత్రణ సంస్థకు అందిన సమాచారం ప్రకారం ఆ మట్టి సుమారు 100 అడుగుల చెత్త కింద భద్రంగా ఉంది. తర్వాత అణు నియంత్రణ సంస్థ వాళ్లు వెళ్లి చూస్తే, ముందు చెప్పిన డంపు వేరు, అసలు పోసిన డంపు వేరు అని తేలింది. పైన ఉన్న కప్పు 100 అడుగులు కాదు, 3 అడుగులు. ఎవరో వెళ్లి చూశారు కాబట్టి తెలిసింది. లేకపోతే ఈ రోజుకీ ఫైల్లో 100 అడుగులే ఉండేది.

1990లో ఈ డంపు సూపర్‌ఫండ్ జాబితాకెక్కింది, అంటే తప్పనిసరిగా శుద్ధి చేయాల్సిన కలుషిత స్థలాల కేంద్ర ప్రభుత్వ జాబితాకి. 2008లో పర్యావరణ పరిరక్షణ సంస్థ, అదే ఈపీఏ, ఒక నిర్ణయం ప్రకటించింది: తవ్వేది లేదు, పైన మందంగా కప్పు వేస్తాం. 2010 చివర్లో పక్కనే ఉన్న బ్రిడ్జ్‌టన్ ల్యాండ్‌ఫిల్‌లో భూమి లోపల చెత్త నిప్పులా రగలడం మొదలైంది. ఆ కంపుకి చుట్టుపక్కల వాళ్లు కిటికీలు తెరవలేకపోయారు. డాన్ చాప్‌మన్, కరెన్ నికెల్ అనే ఇద్దరు అమ్మలు 'జస్ట్ మామ్స్ ఎస్‌టీఎల్' అనే సంఘం పెట్టి, ఫైళ్లు చదివి, వాషింగ్టన్ దాకా వెళ్లి కొట్లాడారు. ఆ ఒత్తిడి తర్వాతే 2018లో ఈపీఏ నిర్ణయం మార్చుకుంది. కొంత తవ్వి వేరే రాష్ట్రానికి పంపుతాం, మిగతాదాని మీద కప్పు వేస్తాం అంది. అప్పటి అంచనా ఖర్చు 20 కోట్ల డాలర్లు దాటింది. ఆ పోరాటంలో మనవాళ్లు కనబడలేదు. అప్పటికే ఇక్కడ మన కుటుంబాలు బోలెడన్ని ఉన్నాయి.

సరే, ఇప్పుడు అసలు విషయం. "కొంత తవ్వి" అంటే ఎంత? 2018 నిర్ణయం ప్రకారం గ్రాము మట్టిలో 52.9 పికోక్యూరీల కంటే ఎక్కువ రేడియం లేదా థోరియం ఉన్న పదార్థాన్ని సాధారణంగా 12 అడుగుల లోతు వరకు తీస్తారు. చోటును బట్టి ఆ లోతు 8 అడుగులకు తగ్గొచ్చు, 20 అడుగులకు పెరగొచ్చు. ఇలా మొత్తం రేడియోధార్మికతలో సుమారు 70 శాతం పోతుందని లెక్క. ఒక పికోక్యూరీ అంటే నిమిషానికి రెండు అణువులకు కొంచెం పైగా విచ్ఛిన్నం కావడం. కాబట్టి 52.9 అంటే ఒక్క గ్రాములో నిమిషానికి దాదాపు 117. మామూలు పెరటి మట్టిలో రేడియం గ్రాముకి ఒక పికోక్యూరీ అటూ ఇటూ ఉంటుంది. పూర్తిగా తవ్వి తీయడమనే ఇంకో ప్రతిపాదనను పరిశీలించినప్పుడు పెట్టుకున్న గీత 7.9. రెండు గీతలకీ తేడా మీకే తెలుస్తోంది. ఇది డంపు, ఇక్కడ ఎవరూ ఇళ్లు కట్టరు, అందుకే 52.9 అని ఈపీఏ వాదన. అందులో న్యాయం లేదని నేను అనను. కానీ రేపు "శుభ్రం చేశాం" అనే బోర్డు పెడితే, ఆ మాటకి అర్థం "52.9 కంటే ఎక్కువ ఉన్నదాన్ని, కొంత లోతు వరకు తీశాం" అనే. మనం ఆ బోర్డుని అలాగే చదవాలి.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఈ మడ్డిలో పెద్ద సమస్య థోరియం-230. మాలిన్‌క్రాట్‌లో యురేనియం తీసేసుకున్నారు కానీ థోరియం ఉండిపోయింది. దాని అర్ధాయుష్షు, అంటే అందులో సగం తరిగిపోవడానికి పట్టే కాలం, సుమారు 75 వేల ఏళ్లు. అది నెమ్మదిగా రేడియం-226గా మారుతూ ఉంటుంది. ఈ డంపులో థోరియంతో పోలిస్తే రేడియం తక్కువ. అంటే రాబోయే వెయ్యేళ్లలో ఇక్కడ రేడియం తగ్గదు, పెరుగుతుంది. థోరియం తాలూకు రేడియోధార్మికతలో మూడో వంతుకు పైగా వెయ్యేళ్లలో రేడియం రూపంలో వచ్చి చేరుతుంది. శిఖరానికి చేరేది సుమారు 9 వేల ఏళ్లకి. రేడియోధార్మిక వ్యర్థం కాలంతో పాటు చల్లబడుతుందని మనం బళ్లో చదువుకున్నాం. ఇక్కడ అది తలకిందులు.

పైగా ఈ థోరియం మామూలు మీటరుకి దొరకదు. చేతిలో పట్టుకుని టిక్‌టిక్ అనిపిస్తూ నడిచే పరికరాలు ప్రధానంగా గామా కిరణాల్ని పట్టుకుంటాయి. థోరియం-230 వదిలేది ఆల్ఫా కణాల్ని. అవి కొన్ని సెంటీమీటర్ల గాలి దాటలేవు, సన్నని మట్టి పొర కూడా దాటలేవు. దాని గామా మరీ బలహీనం. కాబట్టి మట్టిని ల్యాబ్‌కి తీసుకెళ్లి, ఆమ్లాల్లో కరిగించి, థోరియంని రసాయనికంగా వేరుచేసి, ఆల్ఫా స్పెక్ట్రోమెట్రీ అనే పద్ధతిలో లెక్కపెట్టాలి. దీనికి సమయం పడుతుంది, డబ్బు పడుతుంది. రేడియంని గామాతో కొలవొచ్చు కానీ దానికీ ఓపిక కావాలి. శాంపిల్‌ని డబ్బాలో మూసిపెట్టి మూడు వారాలు ఆగితే లోపల రేడియం నుంచి పుట్టే రేడాన్ వాయువు, దాని పిల్ల మూలకాలు ఒక స్థాయికి వస్తాయి, అప్పుడు కొలత నమ్మకంగా ఉంటుంది. ఎవరైనా మీ ముందు మీటరు పట్టుకుని నడిచి "చూడండి, ఏమీ లేదు" అంటే, ఆ మీటరుకి కనబడేది ఏది, కనబడనిది ఏది అని అడగండి. రేడియం ఎక్కడుందో థోరియం కూడా అక్కడే, అంతే నిష్పత్తిలో ఉంటుందని అనుకుని లెక్క వేస్తే, ఆ నిష్పత్తి చోటుచోటుకీ మారే చెత్త డంపులో ఆ లెక్క తప్పొచ్చు.

ఈ రంగంలో తనిఖీకి ఒక మంచి పుస్తకం లాంటిదే ఉంది. దాన్ని మార్సిమ్ అంటారు. ఈపీఏ, రక్షణ శాఖ, ఇంధన శాఖ, అణు నియంత్రణ సంస్థ కలిసి 1997లో తెచ్చిన మాన్యువల్. నాకు అందులో బాగా నచ్చింది దాని మొదటి ఊహ. స్థలం శుభ్రంగా లేదు అనుకునే మొదలుపెట్టాలి, శుభ్రమైందని శాంపిళ్లు రుజువు చెయ్యాలి. అనుమానం ఎక్కువున్న చోట్లను ఒకటో తరగతిగా పెట్టి, 2,000 చదరపు మీటర్లకు మించని ముక్కలుగా కోసి, ప్రతి అంగుళం స్కాన్ చేయాలి. శాంపిళ్లు ఎక్కడ తీయాలో తీసేవాడి ఇష్టం కాదు. యాదృచ్ఛికంగా ఎంచుకున్న బిందువు నుంచి గళ్లు గీసి తీయాలి. పోల్చడానికి, కలుషితం కాని అలాంటి మట్టే ఉన్న వేరే చోటు ఒకటి చూసుకోవాలి.

కానీ ఆ మాన్యువల్ ప్రధానంగా నేల పైపొర కోసం రాసింది, దాదాపు 15 సెంటీమీటర్ల వరకు. లోతు మట్టికి అది సూటిగా వర్తించదు. మరి 12 అడుగుల గుంత సంగతి? తవ్వడం ఆగిన రోజున గుంత అడుగు, గోడలే "పైపొర" అవుతాయి. వాటి మీద స్కాన్ చేసి, శాంపిల్ తీసి, ల్యాబ్ ఫలితం వచ్చాకే మట్టి పోసి పూడ్చాలి. ఆ గుంత తెరిచి ఉండేది కొన్నాళ్లే. వాన వస్తుంది, కాంట్రాక్టరుకి గడువు ఉంటుంది, గుంతని తెరిచి ఉంచితే దుమ్ము, వాసన సమస్యలు. దగ్గర్లోనే ఎయిర్‌పోర్టు కాబట్టి చెత్త తెరిస్తే పక్షులు చేరతాయన్న బెంగ కూడా ఉంది. అన్నీ పూడ్చడానికే తొందరపెడతాయి. ఒకసారి పూడ్చాక మళ్లీ చూడాలంటే డ్రిల్లింగే గతి. నేను "ముందే అడగాలి" అని మొత్తుకునేది ఇందుకే.

ఇంకోటి, ఈ పని ఎవరు చేస్తారు? సూపర్‌ఫండ్ పద్ధతిలో బాధ్యులుగా తేలిన కంపెనీలు, శాఖలు ఖర్చు భరించి, కాంట్రాక్టర్లతో పని చేయిస్తాయి. ఈపీఏ పర్యవేక్షిస్తుంది. మన భాషలో చెప్పాలంటే కోడ్ రాసిన టీమే టెస్ట్ కేసులూ రాసుకుని, తానే రన్ చేసి, పాస్ రిపోర్ట్ పంపుతుంది. పైన ఒక మేనేజర్ చూస్తాడు. మన ఆఫీసులో ఇలా జరిగితే రిలీజ్‌కి సైన్ ఆఫ్ ఇస్తామా?

ఇది ఉత్త అనుమానం కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో హంటర్స్ పాయింట్ అనే పాత నౌకా స్థావరం ఉంది. అక్కడ శుద్ధి పనిలో, కలుషితమైన చోటి మట్టికి బదులు మంచి చోటి మట్టిని శాంపిళ్లుగా పంపినందుకు ఇద్దరు సూపర్‌వైజర్లు నేరం ఒప్పుకున్నారు. 2018లో వాళ్లకి చెరి ఎనిమిది నెలల జైలు పడింది. నేవీ ఆ స్థలాన్ని మళ్లీ మొదటి నుంచి కొలిపించాల్సి వచ్చింది. అప్పటికే ఒక భాగంలో ఇళ్లు లేచాయి.

మన దగ్గర జానా స్కూల్ గొడవ గుర్తుంది కదా. ఫ్లారిసంట్‌లో కోల్డ్‌వాటర్ క్రీక్ ఒడ్డున ఉన్న ఎలిమెంటరీ స్కూల్. 2022 అక్టోబరులో, కోర్టు కేసు వేసినవాళ్ల తరఫున ఒక ప్రైవేటు ల్యాబ్ చేసిన పరీక్షలో ఆట స్థలంలో సీసం-210 అనే రేడియోధార్మిక సీసం ఉండాల్సిన దానికి 22 రెట్లు ఉందని రిపోర్ట్ వచ్చింది. బడి మూసి పిల్లల్ని వేరే స్కూళ్లకి పంపారు. తర్వాత ఆ వాగు శుద్ధి పని చూసే ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ కొలిచి, సహజంగా ఉండే స్థాయికి మించి ఏమీ లేదంది. స్కూల్ డిస్ట్రిక్ట్ పిలిపించిన ఇంకో సంస్థా అదే చెప్పింది. నాకు ఆర్మీ ఫలితాల్ని కొట్టిపారేసే జ్ఞానం లేదు. ల్యాబ్ వాళ్లని అబద్ధాలకోర్లనడానికీ ఆధారం లేదు. శాంపిల్ ఎంత లోతున తీశారు, దుమ్మునా మట్టినా, ఏ చోటుతో పోల్చారు అన్నవి వేరైతే జవాబులు వేరుగా రావొచ్చు. ఆ వివరాలు ముందే అందరూ కూర్చుని ఒప్పుకుని ఉంటే, ఒకే శాంపిల్‌ని రెండుగా పంచి రెండు ల్యాబ్‌లకి పంపి ఉంటే, ఆ తల్లిదండ్రులకి అంత టెన్షన్ ఉండేది కాదు.

మన కడప జిల్లా తుమ్మలపల్లె సంగతి తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. యురేనియం మిల్లు వ్యర్థాల చెరువు పక్కన రైతులు మా బోరు నీళ్లు పాడయ్యాయి, అరటి దెబ్బతింది అంటారు, కంపెనీ మా వల్ల కాదంటుంది. ఎవరి కొలత వాళ్ల దగ్గర ఉంటుంది. మూడో కొలత కోసం ఊరివాళ్లు ఏళ్ల తరబడి తిరగాలి. అక్కడ అడగడం ఎంత కష్టమో తెలిసిన మనం, అడిగే దారి ఉన్న ఇక్కడ ఎందుకు అడగం?

పెరళ్ల గురించి ఒక ముక్క, ఇది హేజల్‌వుడ్, ఫ్లారిసంట్ లాంటి నార్త్ కౌంటీ ఊళ్లలో ఉన్నవాళ్లకి మాత్రమే. కోల్డ్‌వాటర్ క్రీక్ వరద వచ్చే మేర ఉన్న కొన్ని పార్కుల్లో, కొన్ని ఇళ్ల పెరళ్లలో 2015 ప్రాంతంలో కాలుష్యం బయటపడింది. ఆ వాగు శుద్ధి పని ఇంకా చాలా ఏళ్లు సాగుతుంది. 2019లో కేంద్ర ఆరోగ్య సంస్థ ఒకటి, 1960ల నుంచి 90ల దాకా ఆ వాగులో, ఒడ్డున తరచూ ఆడినవాళ్లకి ఎముకల, ఊపిరితిత్తుల క్యాన్సర్, లుకేమియా ముప్పు కొంత పెరిగి ఉండొచ్చని చెప్పింది. వాగు పక్క ఇంట్లో గోంగూర, బీర పాదు వేసేముందు మీ స్థలం కొలిచారా లేదా అని ఆర్మీ కోర్‌ని అడగండి. చెస్టర్‌ఫీల్డ్‌లో, ఓఫాలన్‌లో ఉండి దీనికి హడలిపోవాల్సిన పని లేదు. అలాగే ఈ ప్రాంతంలో 1949 తర్వాత రెండేళ్లయినా ఉండి కొన్ని రకాల క్యాన్సర్లు వచ్చినవాళ్లకి పరిహారం ఇచ్చే చట్టం 2025 జులైలో వచ్చింది. మీ పాత జిప్ కోడ్ ఆ జాబితాలో ఉందేమో చూసుకోండి. దరఖాస్తుకి గడువు 2027 చివరి వరకే.

తవ్వి తీశాక కూడా చూస్తూనే ఉండాలంటే ఎలా ఉంటుందో చూడాలనుకుంటే వెల్డన్ స్ప్రింగ్ వెళ్లండి. చాలామంది వీకెండ్‌లో ఎక్కి ఫొటోలు దిగే ఆ 75 అడుగుల రాళ్ల గుట్ట కింద ఉన్నది మాలిన్‌క్రాట్ రెండో కర్మాగారపు వ్యర్థమే. అక్కడ మ్యూజియం ఉంది, భూగర్భ జలాలు కొలుస్తూ ఉంటారు, ఐదేళ్లకోసారి సమీక్ష రిపోర్ట్ బయటపెడతారు. వెస్ట్ లేక్‌లోనూ వ్యర్థం కొంత మిగులుతుంది కాబట్టి చట్టప్రకారం ఆ ఐదేళ్ల సమీక్ష తప్పదు. పిల్లలు గుట్ట ఎక్కుతుంటే ఒకసారి ఆ బోర్డులూ చదవండి.

కార్యవర్గాల వారికి నా విన్నపం. ఉగాది, దీపావళి కార్యక్రమాల్లో రియల్ ఎస్టేట్ స్పాన్సర్‌కి ఇచ్చే స్టేజి టైమ్‌లో పది నిమిషాలు దీనికి ఇవ్వండి. 'జస్ట్ మామ్స్' వాళ్లని పిలవండి, ఈపీఏ వాళ్లనీ పిలవండి. ప్రాంతీయ ఆఫీసు కాన్సస్‌లోని లెనెక్సాలో ఉంది, ప్రజలతో మాట్లాడటానికి వాళ్లకి ప్రత్యేకంగా మనుషులు ఉంటారు. సంఘం లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం రాయండి. గుంత అడుగున తీసే ప్రతి శాంపిల్‌లో థోరియం-230ని ల్యాబ్‌లో కొలుస్తారా, లేక రేడియం నుంచి ఊహించి రాస్తారా అని అడగండి. బాధ్యులైన కంపెనీలతో సంబంధం లేని ల్యాబ్‌కి ఎన్ని శాంపిళ్లు వెళ్తాయి, ఫలితం రాకముందే పూడ్చే వెసులుబాటు ఎవరికైనా ఉందా, ముడి డేటా ఎప్పుడు ఎక్కడ పెడతారు అని అడగండి. ల్యాబ్‌లలో పనిచేసే కెమిస్ట్రీ వాళ్లు మనలో ఉన్నారు, డేటా చూసేవాళ్లకి కొదవే లేదు. ఆ స్ప్రెడ్‌షీట్లు వస్తే చదవడానికి నేను ముందుంటాను.

రాజకీయాల జోలికి సంఘం పోదు, వీసాల మీద ఉన్నవాళ్లం మనకెందుకు అని కొందరు అంటారని నాకు తెలుసు. ఇది ఏ పార్టీ గొడవా కాదు. మిసోరిలో రెండు పార్టీల వాళ్లూ దీని మీద మాట్లాడుతున్నారు. అభిప్రాయం రాసి పంపడానికి ఓటు హక్కు అక్కర్లేదు, వీసా ఏదని ఎవరూ అడగరు.

ఈపీఏ తర్వాతి బహిరంగ సమావేశం తేదీ ప్రకటించగానే గ్రూపులో పెడతాను. మేరీల్యాండ్ హైట్స్ నుంచి నా కారు బయలుదేరుతుంది, నాతో పాటు నలుగురు పడతారు. వచ్చేవాళ్లు పేరు చెప్పండి.

ఇట్లు,
మేరీల్యాండ్ హైట్స్‌లోని ఒక తెలుగు టెస్టర్